కుక్క లేని వేట: పెన్‌పహాడ్ చెరువు నుంచి కోదాడ దాకా

బావ రాసిన కార్డు శుక్రవారం మధ్యాహ్నం, నేను పాఠాలు చెప్పే మిర్యాలగూడ బడికి వచ్చింది. ఆయన ఎప్పుడూ పొడి మాటల్లోనే రాస్తాడు. "మీ అక్కకు టైఫాయిడ్ తగ్గి నెల దాటింది. పథ్యం కూడా అయిపోయింది. కానీ ముద్ద ముట్టదు. బలవంతం చేస్తే గోడవైపు తిరిగి పడుకుంటుంది. ఇలాగే ఉంటే మనిషి దక్కడం కష్టమని డాక్టరు అంటున్నాడు. మొన్న ఒక్కసారి మాత్రం, మీ నాన్న తెచ్చే అడవి బాతుల పులుసు ఉంటే రెండు ముద్దలు తింటానంది." అంతే. నాకు అమ్మ ముఖం గుర్తులేదు. చిన్నప్పుడు అన్నం కలిపి నోట్లో పెట్టింది అక్కే. అలాంటి మనిషి ఇప్పుడు తిననంటోంది. నాన్న పోయి ఆరేళ్ళయింది, ఆయన వేటకుక్క మోతీ అంతకు ముందే పోయింది. మిగిలింది నాన్న ఒంటిగొట్టం తుపాకీ, దాన్ని భుజాన మోయడం మాత్రం బాగా వచ్చిన నేను.

పోలీసు చర్య తర్వాత ఠాణాలో జమ చేయించిన తుపాకీ ఈ మధ్యనే తిరిగి చేతికి వచ్చింది. ఈ చలికాలంలో ఇటువైపు వేటకు రావాలనుకునేవారు లైసెన్సు కాగితం పెట్టెలో కాదు, జేబులో పెట్టుకోవాలి. దారిలో రెండుచోట్ల పోలీసులు నన్ను దింపి మరీ చూశారు. శనివారం ఒక్కపూట బడి కాగానే ఒంటిగంట బస్సెక్కితే మూడున్నరకు సూర్యాపేటలో దిగాను. టిక్కెట్టు నిజాం హాలీ సిక్కాల్లో రూపాయి పావలా. అక్కడి దుకాణంలో నాలుగంటే నాలుగే తూటాలు దొరికాయి. సంత నుంచి ఖాళీగా తిరిగిపోతున్న ఎడ్లబండి ఒకటి పెన్‌పహాడ్ దాకా ఎనిమిదణాలకు ఒప్పుకుంది. తొమ్మిది మైళ్ళ దారి, మూడు గంటల ప్రయాణం. బండి సాయిలుది. నా తుపాకీని, నా పక్కన ఖాళీ జాగాను మార్చి మార్చి చూశాడు.

"కుక్క లేకుంట బాతుల వేటనా సారూ? నీళ్లల్ల వడ్డదాన్ని ఎవలు దెస్తరు?"

"ఎవరో ఒకరు తెస్తారులే" అన్నాను. ఆ ఎవరో ఎవరన్నది అప్పటికి నాకూ తెలియదు.

బండిలో పరిచిన గడ్డి మీద వెల్లకిలా పడుకున్నాను. జొన్నచేల మీద ఎండ పలచబడుతోంది. ఎద్దుల మెడలో గంటలు ఒక లయలో మోగుతుంటే కళ్ళు మూతలు పడ్డాయి. నిద్రో మెలకువో చెప్పలేను గానీ, నాన్న బండి వెనకాల నడుస్తూ వస్తున్నాడు. ఆయన చేతిలో రెండు బాతులు, పక్కన తడిసిన మోతీ. ఆయన బతికున్నప్పుడు అనేది ఒకటే మాట: "పడ్డదాన్ని నీళ్ళల్ల ఇడిసి ఇంటికి రావొద్దు. ఇడిసిన నాటి కూర గొంతు దిగదు." ఒక బాతు దొరకలేదని ఆయన రాత్రయినా ఇంటికి రాని రోజులున్నాయి. ఆ రోజుల్లో అక్క గడపలో కూర్చుని, ఎన్ని కొట్టావు, ఎన్ని తెచ్చావు అని ఆయనను లెక్క అడిగిన తరువాతే పొయ్యి వెలిగించేది. బండి ఒక గుంతలో పడి లేచేసరికి నాన్న లేడు, ఎదురుగా చెరువు ఉంది.

చెరువులో చేపలు పట్టే మల్లయ్య గుడిసె కట్ట కిందే. వాళ్ళ నాయన మా నాన్నను ఎరిగినవాడు కాబట్టి నన్ను కాదనలేదు. అతని భార్య లచ్చమ్మ జొన్న రొట్టె, ఎండుచేపల కారం పెట్టింది. తిన్నంతసేపూ చీకట్లో నీళ్ళ మీద నుంచి బాతుల ఈలలు సన్నగా వినిపిస్తూనే ఉన్నాయి. అక్క సంగతి చెప్పాను. లచ్చమ్మ వెంటనే, "అయితే కొట్టుడు గాదు సారూ, దెచ్చుడే ముఖ్యం" అంది. ఆ ఇంట్లో తెలివి ఎవరిదో నాకు అప్పుడే అర్థమైంది.

తెల్లవారుజామున చెరువు మీద మంచు ఎంత కమ్ముకుందంటే నీళ్ళెక్కడ మొదలవుతాయో కాలికే తెలియాలి. మల్లయ్య గుప్పెడు ఊక తెచ్చి నీళ్ళ మీద చల్లాడు. అది మెల్లగా, ఎవరో పిలిచినట్టు, తూర్పు ఒడ్డుకు జరిగింది. "గాలి అటు దిక్కు వోతుంది. మనం గాడనే కూసోవాలె. సచ్చిన బాతుకు కాళ్లు లేకున్నా గాలి ఉంటది. అదే నడిపిచ్చుకొస్తది" అన్నాడు. తరువాత లచ్చమ్మను అవతల తూము రాయి మీదకు పంపాడు. కారణం అడిగితే, సాయంత్రం నీళ్ళలో ముంచిన వలను పొద్దున ఎలా కనిపెడతారో చెప్పాడు. వల మీద బెండు తేలితే దొంగలు చూస్తారు. అందుకని ఆలుమగలు రెండు చోట్ల నిలబడి, ఎవరి చోటు నుంచి వాళ్ళు వల పడిన వైపు చూసి, ఆ సూటిలో అవతలి ఒడ్డున ఒక గుర్తు పెట్టుకుంటారట. పొద్దున మళ్ళీ అవే చోట్ల నిలబడితే ఇద్దరి చూపులూ కలిసిన దగ్గర వల ఉంటుంది. "బాతుకు గూడ అంతే. నువ్వు గీడికెల్లి సూడు, అది గాడికెల్లి సూస్తది" అన్నాడు. నేను తల ఊపాను. ఎంఏ చదివినవాడిలా ఊపాను.

మంచు కొంచెం లేవగానే నీళ్ళ మీద నల్లని చుక్కలు కనిపించాయి. సూదితోక బాతులు. ఎంత దూరం నుంచి ఎగిరి వచ్చాయో, ఇంత చిన్న చెరువును ఎలా గుర్తుపట్టాయో! కొట్టాలని కాదు, అలా చూస్తూ కూర్చోవాలని అనిపించింది. కానీ గోడవైపు తిరిగి పడుకున్న అక్క వీపు కళ్ళ ముందుకొచ్చింది. మొదటి తూటాకు ఒకటి ఉన్నచోటే తల వాల్చింది. మంద లేచింది. గబగబా రెండో తూటా దూర్చి పేల్చేసరికి ఎగురుతున్నది ఒకటి పక్కకు ఒరిగి, రెక్క కొట్టుకుంటూ, దూరంగా తుంగ అంచున పడింది. సరిగ్గా అక్కడ ఒక నల్లని బర్రె మెడలోతు నీళ్ళలో నిలబడి ఉంది. బర్రెకు ఎడమ పక్కన, అని గట్టిగా గుర్తు పెట్టుకున్నాను. నన్ను నేనే మెచ్చుకున్నాను కూడా.

మొదటి బాతు మల్లయ్య చెప్పినట్టే వచ్చింది. అరగంట పట్టింది. గాలి దాన్ని ఒక్కో అలను దాటిస్తూ మా కాళ్ళ దగ్గరకు తెచ్చి వదిలింది. ఈలోగా మంద తిరిగి మా నెత్తి మీదుగా రెండుసార్లు పోయింది. తుపాకీ ఎత్తబోతే మల్లయ్య గొట్టం మీద చెయ్యి వేశాడు. "ముందుగాల పడ్డది దొరకాలె. అప్పుడు ఇంకోటి. రెండు యాదిలుంటే రెండూ వోతయి." అతను రెండు ఎండిన సొరకాయ బుర్రలను తాడుతో నడుముకు కట్టుకున్నాడు. నీళ్ళు చల్లగా ఉంటాయి కదా అంటే, "నిండ మునిగినోనికి సలేంది సారూ" అని నవ్వి దిగాడు. కొంత దూరం ఈది, వెనక్కి తిరిగి అరిచాడు.

"ఎటు సారూ? నీ గుర్తు ఏంది?"

"బర్రె! బర్రెకు ఎడమ పక్కన!"

అతను చుట్టూ చూశాడు. నేనూ చూశాను. చెరువులో బర్రె లేదు. అది ఎప్పుడో అవతలి ఒడ్డెక్కి, ఒళ్ళు దులుపుకుని, తోక ఊపుకుంటూ ఊరివైపు పోతోంది.

తూము మీద నుంచి లచ్చమ్మ నవ్వు నీళ్ళ మీదుగా తేలుతూ వచ్చింది. "కదిలేదాన్ని గుర్తు వెట్టుకుంటరా సారూ ఎవలన్న! అది ఇంటికి వోయి కుడితి దాగుతది గద!"

నవ్వు అయిపోయింది, వెతుకులాట మిగిలింది. లచ్చమ్మ చూపు గీత సరిగ్గానే ఉంది. తూము రాయి నుంచి చూస్తే బాతు పడ్డచోటుకు సూటిగా వెనక ఎర్రగుట్ట మీది బండ కనబడిందని చెప్పింది. కానీ ఒక్క గీత మీద ఎక్కడని వెతకడం? దాని పొడుగునా తుంగే. మల్లయ్య రెండుసార్లు ఆ చివర దాకా పోయి వచ్చాడు. ఎండ ఎక్కింది. రెండింటికి సూర్యాపేటలో కోదాడ బస్సు. పది దాటితే అందదు. ఒక బాతు చేతిలో ఉంది కదా, రెండు ముద్దలకు అది చాలదా అని మనసు గుసగుసలాడింది. నిజం చెప్పాలంటే లేచి నిలబడ్డాను కూడా. కానీ అక్క ఎన్ని కొట్టావని అడుగుతుంది. ఒకటి అని అబద్ధం చెబితే ఆమెకు తెలిసిపోతుంది. నిజం చెబితే విస్తరి పక్కకు జరుపుతుంది. మళ్ళీ కూర్చున్నాను.

మల్లయ్య వణుకుతూ ఒడ్డుకొచ్చి నా పక్కన కూలబడ్డాడు. నన్ను తుపాకీ పేల్చిన చోటనే, అదే తీరున కూర్చోబెట్టాడు. "కండ్లు మూసుకో సారూ. బాతు వడ్డది. బర్రె ఉంది. బర్రె ఎనక ఏమున్నది?"

కళ్ళు మూసుకున్నాను. మళ్ళీ మంచు, మళ్ళీ ఆ ఒరిగిన రెక్క. "కొమ్ముల మీదుగా పొగ... ఎవరిదో పొయ్యి పొగ."

"పొగ గూడ కదిలేదే గద సారూ." పాపం, ఓపికగానే అన్నాడు.

ఇంకా లోపలికి చూశాను. పొగ పక్కన ఏదో వంకరగా ఉంది. తాడిచెట్టు. మొదట్లో వంగి, మళ్ళీ పైకి లేచిన తాడిచెట్టు. కళ్ళు తెరిచేసరికి అది అవతలి ఒడ్డున అలాగే నిలబడి ఉంది, నన్నెందుకు చూడలేదురా అన్నట్టు.

మల్లయ్య మళ్ళీ దిగాడు. నేను కూర్చున్న చోటు నుంచి కదలకుండా తాడిచెట్టు సూటి చూసి చెయ్యి ఊపాను. తూము మీద లచ్చమ్మ ఎర్రగుట్ట సూటి చూసి కొంగు ఊపింది. ఇద్దరమూ ఒకేసారి "గాడనే!" అని అరిచిన చోట అతను ఆగాడు. తుంగను రెండు చేతులా మెల్లగా పాయ తీశాడు. బాతు అక్కడే ఉంది. ఒళ్ళంతా నీళ్ళలో ముంచి, ముక్కుతో ఒక తుంగ కాడను పట్టుకుని, ముక్కు కొన మాత్రం పైకి పెట్టి, నాలుగు గంటలుగా బతికే ఉంది. మల్లయ్య ఒక్క క్షణంలో దాని బాధ తీర్చాడు. నాకు సంతోషం కలిగింది, వెంటనే సిగ్గూ కలిగింది. దాన్ని అలా వదిలిపోదామనుకున్నది నేనే.

లచ్చమ్మ రెండింటి పేగులూ తీసి, లోపల ఉప్పు, పసుపు రాసి, వేపాకుతో చుట్టి ఇచ్చింది. డబ్బులు ఇవ్వబోతే, మిగిలిన రెండు తూటాలతో వచ్చే ఆదివారం తమకూ రెండు కొట్టిపెట్టమంది. సూర్యాపేట చేరేసరికి మూడు దాటింది. బస్సు పోయింది. బెజవాడ పోతున్న పల్లికాయల లారీని చెయ్యెత్తి ఆపితే డ్రైవరు తల బయటపెట్టి, "ఎక్కండి మాస్టారూ, ఆ తుపాకీ మాత్రం గోనెలో చుట్టండి. చూసినోళ్ళు నన్ను దొంగనుకుంటారు" అన్నాడు. బస్తాల మీద కూర్చుంటే రోడ్డుకు రెండువైపులా వరి కుప్పలు, వాటి మీద సాయంకాలపు పొగమంచు. దీపాలు పెట్టే వేళకు కోదాడలో దిగాను.

అక్క మంచంలో చిన్నదైపోయి ఉంది. నన్ను చూసి, కోదాడ కోడలయ్యాక అబ్బిన మాటతీరుతో, నీరసంగా అడిగింది.

"ఎన్ని కొట్టావు?"

"రెండు."

"ఎన్ని తెచ్చావు?"

"రెండు."

నా ముఖంలోకి చాలాసేపు చూసింది. "మోతీ లేకుండా ఎట్లా దొరికాయి?"

పులుసు ఉడికేలోపు అంతా చెప్పాను. బర్రె ఒడ్డెక్కి పోయిన దగ్గరకు వచ్చేసరికి దుప్పటి కదిలింది. ఏడుస్తోందేమో అనుకుని బావ పరుగెత్తుకొచ్చాడు. అక్క నవ్వుతోంది. నవ్వులో ఆమె పాత మాట తిరిగొచ్చింది. "బర్రెనా! బర్రెను గుర్తు వెట్టుకున్నవారా! ఇంత సదువు సదివి!" కళ్ళు తుడుచుకుని అంది, "మోతీ తెచ్చేది నిజమే. ఎటు వోవాల్నో దానికి ఎవలు జెప్పిండ్రు అనుకున్నవ్? నాయిన నన్ను తూము మీద నిలవెట్టేటోడు. రెప్ప గొట్టకుంట సూడాలె, ఎనక కదలనిదాన్ని వట్టుకోవాలె. నేను నిలవడ్డనాడు ఒక్కటి గూడ పోనియ్యలేదు. నేను వోనినాడే ఆయినకు రాత్రయ్యేది."

"నాకెప్పుడూ చెప్పలేదే!"

"నువ్వడిగినవా? నువ్వు కుక్కతోని ఆడుకునేటోనివి" అంది. లేచి గోడకు ఆనుకుని కూర్చుంది. బావ పళ్ళెం తెస్తే ఆయనవైపు కాదు, నావైపు గడ్డం ఎత్తింది. అన్నం కలిపాను. రెండు ముద్దలు అన్నది ఐదు తిన్నది.

నాన్న వేట అంటే ఇన్నాళ్ళూ నాకు తుపాకీ, మోతీ, ఇవే. కట్ట మీద కదలకుండా నిలబడి, పడిన ప్రతిదాన్నీ కళ్ళతో పట్టి ఉంచిన పిల్ల ఆ చిత్రంలో ఎక్కడా లేదు. ఆ పిల్లే తరువాత నన్నూ అలాగే చూసుకుంది, నేను ఎటు పడినా. ఇటువైపు కుక్క లేకుండా వేటకు వచ్చేవారికి ఒక్కటే చెబుతాను. గాలి దిక్కుకు కూర్చోండి, కదలని గుర్తు పట్టుకోండి, ఇంకో చోట ఇంకొకరిని నిలబెట్టండి. అంతకన్నా ముందు, బయలుదేరేటప్పుడే మీ ఇంట్లో ఆడవాళ్ళను అడిగి చూడండి. నేను ముందే వచ్చి అక్కను అడిగి ఉంటే ఆ బాతుకు నాలుగు గంటల బాధ తప్పేది, అక్కకు ఒక నెల పస్తు తప్పేది.