మేస్త్రి వాటా రొట్టె

నా చిన్నప్పుడు, వలస వచ్చిన తెలుగు కూలీల పేట కామాటిపురాలో మాకు మిగిలినవి ఒక గది, ఒక టేకు కుర్చీ, మా తాతయ్య పేరు. ఒకప్పుడు వందమంది కూలీలను నడిపిన మేస్త్రి ఆయన. నేను పుట్టేనాటికి ఆయనా లేరు, ఆ పనులూ లేవు. ఎవరు తినమన్నా "ఇప్పుడే తిన్నాను" అనాలన్నది మా నానమ్మ నియమం. మన చేతి అన్నం తిన్నవాళ్ల ముందు చెయ్యి చాచకూడదనేది.

ఎనభైల్లో ఒక వానాకాలం, మా పొయ్యి రెండు రోజులు వెలగలేదు. మూడోనాటి ఉదయం కుళాయి దగ్గర బకెట్ ఎత్తబోయి కళ్లు తిరిగి కూలబడ్డాను. పాలమూరు నుంచి వచ్చి ఇళ్లు కట్టే పనికి వెళ్లే పక్కింటి అక్క నన్ను లేపి తన గడపలో కూర్చోబెట్టింది. లోపల జొన్నరొట్టె కాలుతోంది. నోరూరింది. అయినా వీపు నిటారుగా పెట్టి, ఇప్పుడే తిన్నానన్నాను.

"తిన్నవా? మరి కాళ్లెందుకు వణుకుతున్నయ్ దొరా?" అని నవ్వింది. పొయ్యిలోకి చెక్కముక్క తోస్తూ ఒక సంగతి చెప్పింది. వాళ్ల పనిచోట ఒకడు వంటచెరకు లేక, తాను నిలబడి గోడ కట్టే పరంజా కర్రలనే విరిచి కాల్చాడట. ఆ పూటకు అన్నం ఉడికింది. మర్నాడు నిలబడే చోటు లేదు.

"ఒళ్లు గూడ గంతే తమ్మీ. బువ్వ, రొట్టె పొయిల కట్టెలు. పప్పు గోడకు ఇటుకలు. కట్టెలెయ్యకుంటే ఒళ్లు ఊకుంటదా? నీ కండనే ఇరిచి కాల్చుకుంటది."

అయినా నేను చెయ్యి చాచలేదు. అప్పుడామె గొంతు తగ్గించి, పొయ్యి మీద మొదటి రొట్టె మేస్త్రి ఇంటిదేననీ, అది కూలీల ఆచారమనీ చెప్పింది. "మీ వాటా మీరు తీస్కపోకుంటే మాకు పాపం."

వాటా అయితే సరే. పెసరపప్పుతో సగం తిని, మిగిలింది నానమ్మకు తెచ్చి సంగతి చెప్పాను. ఆవిడ రొట్టె వైపు, నా వైపు చూసింది. "అవ్. ఆ రివాజు ఉన్నది" అని తుంచుకుంది. వానలు వెలిసేదాకా మొదటి రొట్టె మా గడపకు వచ్చింది.

పెద్దయ్యాక వర్లిలో ఒక ముసలి కూలీని ఆ ఆచారం గురించి అడిగాను. "మేస్త్రికి మేము రొట్టె పెట్టుడేంది బిడ్డా!" అని పడీపడీ నవ్వాడు.

నేను ఇప్పటికీ వీపు నిటారుగా పెట్టే నడుస్తాను. ఆ నవ్వు వినేదాకా అది తాతయ్య పేరు వల్లనే అనుకునేవాణ్ణి, అక్క రొట్టెల వల్ల అనుకోలేదు. మా ఇంట్లో మొదటి రొట్టె ఈనాటికీ పక్కన పెడతాం. గడపలో ఎవరైనా ఇప్పుడే తిన్నామంటే, వాళ్ల కాళ్ల వైపు చూస్తాను. ఇది మీ వాటా, మా ఇంటి ఆచారం అంటాను.