మెడ వంచి తీసిన స్కాన్

ఉదయం ఎనిమిదింటికి ఆరాంఘర్ చౌరస్తాలో శంషాబాద్ బస్సెక్కాం, నేనూ డాక్టర్ వసుంధర మేడమూ. నా దగ్గరున్నవి రెండు: పాత స్కాన్ ఫిల్ముల కవరు, నేనే కోసి తయారుచేసిన ముక్కోణపు ఫోమ్ దిమ్మ. నేను మేడం దగ్గర పనిచేసే బయోమెడికల్ ఇంజనీర్ని. మేడం నరాల డాక్టరు. ఇరవై ఏళ్లుగా ఆమె పరిశోధనంతా మోటార్ న్యూరాన్ జబ్బు మీదే. కండరాల్ని కదిలించే నరకణాలు ఒక్కొక్కటే చచ్చిపోతాయి. చెయ్యో కాలో ముందు పడిపోతుంది, ఆపైన మాట, మింగడం, చివరికి ఊపిరి. దాన్ని నయంచేసే మందు ఇంకా రాలేదు.

కారుండగా బస్సెందుకని అడిగాను. మా రోగులు ఎక్కేది ఈ మెట్లే, ఎంత ఎత్తున్నాయో నాకు తెలియాలి కదా అన్నారు.

మేడంకి ఆడవాళ్లకిచ్చే ఉచిత జీరో టికెట్టు, నాకు మామూలు టికెట్టు. కండక్టరక్క నా దిమ్మ వైపు చూసింది. "ఇంట్ల నిద్ర సాల్లేదా అన్నా, దిండు పట్టుకొని ఎక్కినవ్?"

గగన్‌పహాడ్ దగ్గర లారీల మధ్య బస్సు ఆగిపోయింది. అక్కడ మేడం ప్రయాణం సంగతి చెప్పారు. ఇమ్రాన్‌కి ఇరవై రెండేళ్లు. ఎయిర్‌పోర్టు కార్గోలో, మందులు దాచే చల్లగదిలో లోడర్. ఏడాదిన్నరగా కుడిచేతి వేళ్లు సన్నబడుతున్నాయి. ఎక్కడో చూసిన డాక్టరు మోటార్ న్యూరాన్ అన్నాడు. అలా మా పరిశోధనలోకి అతని పేరు వచ్చింది, అతను మాత్రం రావడం మానేశాడు. ఫైల్లో మూడు విషయాలు మేడంకి మింగుడుపడలేదు: వయసు మరీ చిన్నది, జబ్బు ఒక్క చేతికే ఉంది, చలిలో ఆ వేళ్లు మరీ మొరాయిస్తున్నాయి. అచ్చం ఇలాగే మొదలయ్యే ఇంకో జబ్బుంది. మెడ వంచినప్పుడల్లా వెన్నుపాము ఎముకకి నొక్కుకుని నలుగుతుంది. కుర్రాళ్లకే ఎక్కువ, కొన్నేళ్లకి దానంతటదే ఆగిపోతుంది. మెడ వంచకుండా పడుకోబెట్టి తీసిన స్కాన్‌లో సరిగా దొరకదు. ఇమ్రాన్‌కి తీసింది అలాంటిదే. ఈసారి మెడ వంచి తీయించాలి, నా దిమ్మ అందుకే.

"కాకపోతే?" అన్నాను.

"కాకపోతే అదే కబురు ఆ పిల్లాడికి రెండోసారి చెప్పినదాన్నవుతా" అన్నారు, కిటికీలోంచి చూస్తూ.

తొమ్మిదింటికి శంషాబాద్‌లో దిగి, షేర్ ఆటోలో పది నిమిషాలు. రెండు గదుల కిరాయి ఇల్లు. వాళ్లమ్మ రజియా చాయ్, ఖారా బిస్కెట్లు పెట్టింది. నెత్తిమీద విమానం పోయినప్పుడల్లా అందరం మాట ఆపి, మళ్లీ అక్కణ్నుంచే అందుకున్నాం. ఇమ్రాన్ కుడిచేయి జేబులోంచి తీయలేదు. ఫోర్క్‌లిఫ్ట్ నేర్చుకునేవాడట, మానేశాడు. "రెండు మూడేండ్లు బతికేటోనికి లైసెన్స్ ఎందుకు మేడం?" అన్నాడు.

స్కాన్ సెంటర్ మెయిన్ రోడ్డు మీద ఉంది. మేడం ముందే ఫోన్ చేసి ఒప్పించారు. అయినా అక్కడి టెక్నీషియన్ నా దిమ్మ చూసి నసిగాడు: మెడ వంచితే మనిషి కదులుతాడు, ఫోటో పాడవుతుంది, ఎవరూ ఇలా అడగరు. దిమ్మ తల కింద నేనే పెట్టాను. మొదటిది కదిలిపోయింది. రెండోసారి తల పక్కన తువ్వాలు మడిచి పెట్టాం. బయట రజియా తస్బీ పూసలు తిప్పుతూ కూర్చుంది.

తెర మీద వెన్నుపాము కనిపించింది. ముందుకి జరిగి, ఎముకకి అతుక్కుపోయి, పల్చగా. వెనక ఖాళీ. పాత ఫిల్ములో ఆ ఖాళీ లేదు. మేడం పాత ఫిల్మును తెర పక్కన పెట్టి పోల్చారు. అతని నాలుక, కాళ్లు, రెండో చెయ్యి మళ్లీ ఒకసారి పరీక్షించారు. అప్పుడు రజియాని లోపలికి పిలిచి చెప్పారు: ఇది ఆ జబ్బు కాదు. పోయిన కండ పూర్తిగా రాకపోవచ్చు, కానీ ప్రాణానికి భయం లేదు. కొన్నాళ్లు మెడకి పట్టీ వేసుకోవాలి, మెడ వంచకూడదు, మూడు నెలలకోసారి చూపించుకోవాలి.

రజియా కొడుకు వైపు తిరిగింది. తిట్లు మొదలుపెట్టింది. "ఫోన్ల మునిగి మెడ వంచకురా అని ఎన్నిసార్లు చెప్పిన! ఇప్పుడు డాక్టరమ్మ చెప్తే ఇంటవా?" ఫోన్ వల్ల వచ్చింది కాదమ్మా అని మేడం అంటున్నా వినలేదు. తిడుతూనే ఏడ్చింది.

ఇమ్రాన్ నెమ్మదిగా అడిగాడు. "నమాజ్ ఎట్ల మేడం? సజ్దాల నుదురు నేలకానిస్తే మెడ వంగుతది కదా."

"చదువుకో నాయనా. కుర్చీలో కూర్చుని చదవచ్చేమో ఇమామ్ సాబ్‌ని అడుగు. నా మాటగా చెప్పు."

ఫోర్క్‌లిఫ్ట్ గురించి నన్నడిగాడు. స్టీరింగ్ పిడి ఎడమచేతికి ఉంటుంది, కుడివైపు లీవర్లు అరచేత్తో నెట్టినా కదులుతాయి, చల్లగది డ్యూటీ మాత్రం మార్పించుకో అన్నాను. వేళ్లు అక్కర్లేదా అని ఇంకోసారి అడిగి నమ్మకం చేసుకున్నాడు.

ఎవరైనా ఈ దారిన వెళితే రెండు మాటలు. పాత స్కాన్లు పారేయకండి, పక్కన పెట్టి పోల్చడానికి అవే కావాలి. స్కాన్ అయ్యేదాకా రోగికి ఏ ఆశా పెట్టకండి, మేడం పెట్టలేదు.

మూడింటికి ఇమ్రాన్ మమ్మల్ని బస్టాపు దాకా దిగబెట్టాడు. దూరంగా బస్సు కనపడగానే జేబులోంచి కుడిచేయి తీసి, ఎత్తి ఆపాడు. వేళ్లు సగమే తెరుచుకున్నాయి. బస్సు ఆగింది.

ఆరాంఘర్ వచ్చేదాకా మేడం కిటికీ పక్కన కళ్లు మూసుకుని కూర్చున్నారు. నిద్రపోయారనుకున్నాను.

"మన పరిశోధనలో ఒకరు తగ్గారు" అన్నారు కళ్లు తెరవకుండానే. "మిగిలినవాళ్ల ఫైళ్లు కూడా మళ్లీ చూద్దాం. ఆ దిమ్మ జాగ్రత్త."