పోస్టరులో నవ్విన తల్లి

అచ్చాఫీసులో అందరూ అతన్ని "తిరగేసిన మాస్టారు" అనేవారు. రాతి పలక మీద బొమ్మను తిరగేసి గీస్తేనే కాగితం మీద సరిగ్గా పడుతుంది. ఆ పనిలోనే అతని జుట్టు నెరిసింది. సబ్బు రేపర్లూ సర్కసు పులులూ గీసిన చేతికి యుద్ధం రాగానే సర్కారు పని తగిలింది: కొడుకును సైన్యానికి సాగనంపుతూ నవ్వే తల్లి బొమ్మ, కింద "వెళ్ళు నాయనా!" అన్న అక్షరాలు.

అలా నవ్వే తల్లి ఎక్కడ దొరుకుతుంది? భార్యనే తెచ్చి కిటికీ పక్కన కూర్చోబెట్టాడు. ఆమె ముఖం బిగించుకుంది. ఇంతలో అతను సిరా చేత్తో ముక్కు గోక్కున్నాడు. ఆమె ఫక్కుమంది. ఆ నవ్వే పలకెక్కింది, పోస్టరై ఊరి గోడలెక్కింది.

పత్రికలు దాన్ని వీరమాత చిరునవ్వన్నాయి. వీరత్వం సంగతి దేవుడెరుగు, నవ్వు తెప్పించింది మాత్రం మొగుడి ముక్కు.

ఓ సాయంత్రం కొడుకు ఇంటికొస్తూనే, "రేపు సైన్యంలో పేరిచ్చేస్తున్నా. అమ్మ ఎలాగూ ఒప్పుకుందిగా!" అన్నాడు.

"నేనెప్పుడు ఒప్పుకున్నారా?"

"వీధి వీధినా ఒప్పుకున్నావు, నవ్వుతూ."

ఆమె కొడుకు చెయ్యి పట్టుకుని సందు చివరి పోస్టరు దగ్గరికి లాక్కెళ్ళింది. వెనకే మాస్టారూ.

"నా పుట్టుమచ్చ ఏ బుగ్గ మీదుంది?"

"ఎడమ బుగ్గ మీద."

"ఈవిడకి?"

"కుడి... అరె!"

"మరి ఈవిడెవర్రా? అడుగు మీ నాన్నని!"

మాస్టారు పోస్టరు దగ్గరికి జరిగి చూశాడు. జన్మలో ఒక్క అక్షరం తిన్నగా గీసి ఎరగని మనిషి, ఆ ముఖాన్ని మాత్రం చూసింది చూసినట్టే పలక మీద గీసేశాడు.

"నువ్వలా నవ్వుతుంటే... తిరగెయ్యాలన్న సంగతే మర్చిపోయానే."

"చాల్లెండి, పిల్లాడి ముందు!" ఆమె చెవులు ఎర్రబడ్డాయి.

కొడుకు నవ్వాపుకున్నాడు. "సరే, ఈవిణ్ణి వదిలెయ్. నువ్వు చెప్పమ్మా. వెళ్ళనా?"

"వద్దురా. వెళ్తానంటే కాళ్ళకడ్డం పడను. కానీ నవ్వుతూ పంపడం నా వల్ల కాదు. ఏడుస్తా."

వాడు గోడ మీది నవ్వుకేసి చూశాడు. తర్వాత అమ్మకేసి.

"రేపు మామూలుగా పనికే పోతాలే. పదమ్మా, ఆకలేస్తోంది."