శనివారం నాలుగు గంటల మాట

నాచారం పారిశ్రామిక వాడలో ధనియాలు వేయించే రోజు గాలి బరువెక్కుతుంది. ఉప్పల్ నుంచి వచ్చే ఆటో మలుపు తిరిగీ తిరగకముందే వాసన ఎదురొస్తుంది. రోజూ తగిలేదే అయినా, నిన్న శనివారం పొద్దున ఎందుకో అది నన్ను లోపలికంటా లాక్కుపోయింది. పక్కనున్నావిడ కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుంది. నేను సగం నిద్రలో ఉన్నట్టు కళ్ళు మూసుకుని, పదకొండేళ్ళ వెనక్కి, సుభద్ర మేడం టేబుల్ ముందుకు వెళ్ళిపోయాను.

మసాలా పొడులు పరీక్షించే చిన్న ల్యాబు మాది. మేడం దానికి పెద్ద. ఆవిడ కింద పనిచేసేది నేను, శాంపిళ్ళు తెచ్చిపెట్టే యాదగిరన్న, అంతే. మేడంది కాకినాడ వైపు. ఎప్పుడూ ఇస్త్రీ నలగని నూలు చీర, దానిమీద తెల్లకోటు. గొంతు పెంచగా నేను ఏనాడూ వినలేదు. మెల్లగా మాట్లాడే మనిషి ముందు అబద్ధం చెప్పడం ఎంత కష్టమో ఆవిడ దగ్గర పనిచేశాకే తెలిసింది.

శనివారం నాలుగింటికి శాంపిళ్ళు ఆరబెట్టే ఓవెన్ ఆపేవాళ్ళం. అది చల్లారేలోగా టీ తాగేవాళ్ళం. పడమటి కిటికీలోంచి ఎండ ఏటవాలుగా దిగి, గాలిలో తేలే మిరపపొడి నలుసుల్ని ఎర్రగా వెలిగించేది. గది మొత్తం ఎక్కడికో తేలిపోతున్నట్టు ఉండేది. ఆ వెలుగులో మేడం మా చేత రెండు మాటలు చెప్పించేవారు. ఒకటి, ఆ వారంలో దొరికిన ఒక సంతోషం. అది కొన్నది కాకూడదు, ఒకరి మీద గెలిచిందీ కాకూడదు. రెండోది, వచ్చే శనివారంలోపు చేయదలచుకున్న ఒక పని. జీవితాన్ని మార్చే సంకల్పాలు ఆవిడకు గిట్టవు. ఏడు రోజుల్లో అయ్యేదే చెప్పమనేవారు. ఏదీ రాసుకునేవారు కాదు, కానీ ఎవరేమన్నదీ మరిచిపోయేవారు కాదు.

యాదగిరన్న సంతోషాలు వింటే నవ్వాగేది కాదు. ఒక వారం కీసర బస్సులో కిటికీ సీటు దొరికిందట, ఆ మురిపెంలో దిగాల్సిన స్టాపు దాటిపోయాడట. ఇంకో వారం ఇంటికొచ్చిన చుట్టాలు చెప్పిన రోజుకే తిరిగి వెళ్ళిపోయారట. మేడం సంతోషాలు ఇంకా చిన్నవి. తలంటుకుని ఎండలో కూర్చున్న అరగంట, పక్కింటి పాపకు మొదటిసారి జడ కుదరడం. అవి చెప్పేటప్పుడు ఆవిడ కళ్ళు దూరంగా ఎటో చూసేవి, వాటిని రెండోసారి అనుభవిస్తున్నట్టు.

నాకు మాత్రం నాలుగు కొడుతుందంటే భయం పట్టుకునేది. అమ్మ పోయాక నన్ను పెంచింది అక్క. పెళ్ళయిన మూడేళ్ళకు ఆ కాపురం నావల్ల కాదని, సంచీ పట్టుకుని కాప్రాలో ఉన్న ఆమె ఇంటికి వెళ్తే, "జర ఓర్సుకుంటె అయిపోతుండె గదా" అంది. ఆ ఒక్క మాటకు మళ్ళీ సంచీ ఎత్తుకుని వచ్చేసి, ఉప్పల్‌లో గది అద్దెకు తీసుకున్నాను. అక్కడి నుంచి రెండేళ్ళు మాటల్లేవు. కాప్రా ఏమీ దేశాంతరం కాదు. నాకు అక్క తప్ప ఎవరూ లేరు, ఆ సంగతి నాకు బాగా తెలుసు. పంతం మాత్రం పట్టు వదిలేది కాదు.

వరసగా నాలుగు శనివారాలు నేను చెప్పిన పని ఒక్కటే, అక్కకు ఫోన్ చేస్తానని. చేయలేదు. మేడం అడగలేదు కూడా.

ఆ రోజుల్లోనే ఇంకో తప్పు చేశాను. శాంపిళ్ళుండే గదిలో రెండు గంటలకోసారి ఉష్ణోగ్రత చూసి రిజిస్టర్‌లో రాయాలి. బద్ధకించి, రెండింటప్పుడే నాలుగు గంటల అంకె కూడా వేసేశాను. మూడింటికి కరెంటు పోయింది. గది ఉడికిపోతుంటే రిజిస్టర్‌లో మాత్రం చల్లగా ఇరవై ఐదు డిగ్రీలు. మేడం ఆ పేజీని చాలాసేపు చూశారు. "చూడలేకపోతే ఖాళీ వదిలెయ్యమ్మా. ఖాళీ తప్పు కాదు. చూడకుండా రాయడమే తప్పు" అన్నారు. తిట్టి ఉంటే అంత సిగ్గుపడేదాన్ని కాదు.

అయినా బుద్ధి రాలేదు. ఐదో శనివారం నా వంతు రాగానే, అక్కకు ఫోన్ చేశానని, మంచిగా మాట్లాడిందని, ఇంటికి పిలిచి సర్వపిండి చేసి పెట్టిందని గలగలా చెప్పేశాను. పల్లీలు ఎక్కువేసిందని, అడుగు కరకరలాడిందని కూడా చెప్పాను. చెబుతుంటే నోట్లో నీళ్ళూరాయి, కళ్ళల్లోనూ. యాదగిరన్న టీ గ్లాసు పక్కన పెట్టి మరీ విన్నాడు. మేడం మొహం విప్పారింది. సోమవారం ఆవిడ గుడ్డలో చుట్టిన సీసా నా చేతికిచ్చి, తను పెట్టిన మాగాయ అనీ, మా అక్కయ్యకు ఇమ్మనీ అన్నారు. ఆవిడ నా అబద్ధాన్ని నిజంగా నమ్మారో, కనిపెట్టే అలా చేశారో నాకు ఇప్పటికీ తెలియదు.

ఆ సీసా వారమంతా నా గదిలో, గూట్లో కూర్చుని నన్నే చూసింది. శనివారం నాలుగింటికి ఇక తట్టుకోలేకపోయాను.

"నేను పోలే మేడం. ఫోన్ గూడ చెయ్యలే. అన్నీ చూడకుండ రాసినట్టె చెప్పిన."

యాదగిరన్న తల దించుకున్నాడు.

"మాగాయ మాత్రం నిజమైనదే కదా. ఇచ్చేసి రా" అన్నారు మేడం.

మర్నాడు ఆదివారం కాప్రా వెళ్ళాను. తలుపు తీసిన అక్క రెండేళ్ళలోనే చిక్కిపోయింది. లోపలికి రమ్మనలేదు, పొమ్మనలేదు. నేను గడప బయటే నిలబడి సీసా చేతికిచ్చి, మొత్తం కథ చెప్పేశాను, చెప్పిన అబద్ధంతో సహా. మధ్యలో ఆపితే మళ్ళీ నోరు రాదని భయం.

"నేను సర్వపిండి చేసి పెట్టిన అని చెప్పినవా?" అంది.

చెప్పానన్నాను. అక్క వంటింట్లోకి వెళ్ళింది. బియ్యప్పిండి డబ్బా మూత తీసిన చప్పుడు వినిపించింది. నేనే చెప్పులు విడిచి లోపలికి వెళ్ళాను. ఇటు తిరక్కుండానే, "నా పేరు మీద అబద్ధం ఎందుకుండాలె" అంటూ పల్లీలు, నువ్వులు వేసి పిండి కలిపింది. గిన్నె అడుగున పిండి వత్తుతూ, చాలాసేపటికి, "గా దినం నేను గట్ల అనొద్దుండె" అంది. నేను ఆమె వీపుకు మొహం ఆనించి ఏడ్చాను. ఆమె చేతులకు పిండి ఉంది, నన్ను పట్టుకోలేకపోయింది. ఆ తర్వాత గంటసేపు తిట్టింది.

ఆ తిట్లే ఆ వారం నా సంతోషమని శనివారం చెబితే, అక్క కట్టిచ్చిన సర్వపిండిలో మేడం రెండు ముక్కలు అడిగి తిన్నారు. తర్వాత మూడేళ్ళకు ఉద్యోగ విరమణ చేసి కాకినాడ వెళ్ళిపోయారు. ఇప్పుడు ఆ కుర్చీలో నేనున్నాను. శనివారం నాలుగింటికి ఓవెన్ ఆపి, కొత్తగా వచ్చిన ఇద్దరమ్మాయిల్నీ కూర్చోబెడతాను. మొదట్లో నవ్వుకున్నారు. ఇప్పుడు బుధవారం నుంచే ఏం చెప్పాలా అని వెతుక్కుంటున్నారు. అలా వెతుక్కోవడమే మేడం మాకు నేర్పిన విద్య అని నాకు ఆలస్యంగా అర్థమైంది. వెతుకుతూ తిరిగితే వారంలో ఏదో ఒక మూల తప్పకుండా దొరుకుతుంది.

ఇన్నేళ్ళలో ఆవిడతో పండగలకు ఫోన్లో మాట్లాడటమే కానీ, ఎదురుగా కూర్చుని, మీవల్ల నాకు అక్క దక్కిందని ఒక్కసారీ చెప్పలేదు. నిన్న నా వంతు వచ్చినప్పుడు, వచ్చే శనివారంలోపు కాకినాడ వెళ్ళి ఆ మాట చెప్పి వస్తానన్నాను. సాయంత్రం అక్కకు ఫోన్ చేసి చెబితే, చర్లపల్లి స్టేషన్‌లో బండి ఎన్ని గంటలకని అడిగింది. నీకెందుకన్నాను.

"నిన్ను నా ఇంటికి మల్ల తోలిచ్చిన మనిషి. నేను జూడొద్దా?" అంది.