వాగు ఇవతలి స్టేజీ

మొన్న మా మనవరాలు కాలేజీ నుంచి చెమటలు కారుతూ వచ్చి గడపలోనే కూలబడింది. ఏమైందే అంటే, ఒక స్టేజీ ముందే బస్సు దిగి నడిచొచ్చిందట, టిక్కెట్టు తగ్గుతుందని. పిల్లకు పొదుపు తెలిసిందని వాళ్ళమ్మ మురిసిపోయింది. నేను మాత్రం పడమటి దిక్కు చూశాను. మబ్బేమీ లేదు. అయినా చూశాను. బస్సు అన్న మాట చెవిన పడితే నా కళ్ళు ముందు నల్లమల వైపు తిరుగుతాయి, ఆ తర్వాతే మనిషి వైపు. ఎందుకట్లా చూస్తావని ఈ పిల్ల ఎప్పటినుంచో అడుగుతోంది. నాకు నా పేరు గీసుకునేటంత చదువే గనుక తనే కాగితం పట్టుకుని కూర్చుంది. నేను చెప్తున్నాను, తను రాస్తోంది.

తెల్లదొరల కాలం. ఎక్కడో యుద్ధమని, అందుకే పెట్రోలు దొరకదని చెప్పుకునేవాళ్ళు. మార్కాపురం నుంచి మా పల్లె మీదుగా పోయే బస్సు బొగ్గుతో నడిచేది. దాని వెనక నిలువెత్తు ఇనుప పీపా, అందులో కణకణమనే నిప్పు, ఒళ్ళంతా మసి. ఎత్తు వస్తే మగవాళ్ళంతా దిగి తొయ్యాలి. "టిక్కెట్టు కొనుక్కొని కూలి చేసేది మనమేనే" అని మా ఆయన నవ్వేవాడు. మేము ముగ్గురం పలకల గనిలో పనివాళ్ళం. ఆయన రాయి తీసేవాడు, మా అత్తా నేనూ చీల్చిన పలకలు మోసేవాళ్ళం. పసిబిడ్డను ఊళ్ళో చుట్టాల దగ్గర వదిలి, వారమంతా గని దగ్గర గుడిసెలోనే. శనివారం మధ్యాహ్నం కూలి తీసుకుని బస్సెక్కి ఊరికి పోవడం, ఆదివారం గుడిలో ప్రార్థన చేసుకుని తిరిగి రావడం.

మా పల్లెకు ముందు ఒక వాగుంది, కొండల్లోంచి దిగొచ్చేది. ఏడాదిలో పది నెలలు ఉత్త ఇసుక. వాగు ఇవతల దిగితే రెండణాలు, అవతల దిగితే మూడు. అందుకని మా పల్లెవాళ్ళెవరూ అవతల దిగేవాళ్ళు కాదు. ఇసుకలో అడ్డంగా నడిస్తే ఊరు దగ్గరే; బస్సు మాత్రం చుట్టు తిరిగి, కింద వంపు దాటాక వాగులోనే రాళ్ళు పరిచిన చప్టా మీదుగా రావాలి. మిగిలిన అణాలతో మా అత్త వారానికి సరిపడా కిరసనాయిలు కొనేది. "అవ్వా, మీ పల్లె వాళ్ళ కోసమే ఈ స్టేజీ పెట్టినట్టుండాడు మా ఓనరు" అని కండక్టరు ఎగతాళి చేస్తే, "మీ ఓనరుకు కాళ్ళు లేవు నాయనా, మాకుండాయి" అనేది. పైగా నడిచిన మేమే ముందు చేరేవాళ్ళం. బొగ్గు బస్సు దగ్గుతూ చప్టా మీదికి వచ్చేసరికి మేము అవతలి గట్టెక్కి, చేతులూపి, "ఓడిపోయినారు! ఓడిపోయినారు!" అని కేకలు పెట్టేవాళ్ళం. బస్సులోని వాళ్ళు కిటికీల్లోంచి తువ్వాళ్ళు ఊపేవాళ్ళు. ప్రతి శనివారం అదొక పండగ.

ఆ శనివారానికి ముందు రోజు మా ఆయన పాదం మీద పలక పడి ఎముక కనిపించేటంత తెగింది. పసుపద్ది గుడ్డ చుట్టాం. రెండు రోజులుగా కొండల మీద మబ్బు నల్లగా కూర్చుని ఉంది. మా వైపు చుక్క పడలేదు, గాలి కూడా లేదు. బస్సు వాగు ఇవతల ఆగింది. మా అత్త దిగింది. ఆయన కూడా లేవబోతుంటే నేను రెక్క పట్టుకుని కూర్చోబెట్టాను.

"ఈ కాలుతో ఏం నడుస్తావు? బస్సులోనే రా."

"ఇసుకే కదమ్మే, మెత్తగుంటాది" అంది కింద నుంచి మా అత్త. "అణా ఊరికే వస్తాదా?"

మా అత్త మాటకు అంతకుముందు నేనెన్నడూ ఎదురు చెప్పలేదు. గాజుల కోసమని కొంగున ముడేసుకున్న అణా విప్పి కండక్టరు చేతిలో పెట్టి నేనూ దిగాను. మా ఆయన నవ్వాడు. "ఈపొద్దు నేనే గెలుస్తా సూడు. మీరొచ్చేతలికి పొయ్యి రాజేసి పెడతా."

ఇసుకలో సగం దూరం పోయాక తాగే నీళ్ళకు తవ్విన చెలమ ఉంటుంది. దప్పికై వంగిన మా అత్త దోసిలి అట్లాగే పట్టుకుని నిలబడిపోయింది. నీళ్ళు ఎర్రగా ఊరుతున్నాయి. "కొండనీళ్ళు వచ్చినాయే. పద, పరిగెత్తు!" అంది. గట్టెక్కి వెనక్కి చూస్తే, ఎగువన చెట్లూ చెత్తా దొర్లించుకుంటూ ఎర్రటి గోడ ఒకటి వస్తోంది. దిగువన బస్సు అప్పుడే చప్టా మీదికి దిగుతోంది. వంపు అడ్డం, వాళ్ళకు ఎగువన వచ్చేది కనబడదు.

అరిచాను. "ఆగండి! వెనక్కి పొండి!" అని చేతులూపుతూ గట్టు వెంట పరిగెత్తాను. మా అత్త తల మీది గుడ్డ తీసి ఊపింది. బస్సు ఎప్పటిలాగే చప్టా నడుమ దగ్గి ఆగింది. కిటికీలోంచి మా ఆయన తల బయట పెట్టాడు. నా అరుపు ఆయన చెవికి చేరలేదు, చేతులు ఊపడమే కనబడింది. ఎప్పటిలాగే గెలిచి గేలి చేస్తున్నామనుకున్నాడు. నవ్వుతూ తువ్వాలు తీసి ఊపాడు. ఊపుతూనే ఉన్నాడు.

మూడో రోజు దొరికాడు. కాలికి నేను కట్టిన గుడ్డ అట్లాగే ఉంది. ఆనాడు చీలిన గొంతు మళ్ళీ అతకలేదు. నేను మాట్లాడితే రంపం పెట్టి కోస్తున్నట్టుంటుందని పిల్లలు నవ్వేది అందుకే. నేనిచ్చిన అణాయే ఆయన్ని తీసుకుపోయిందని తిండి మానేశాను. మా అత్త నన్నొక్క మాట అనలేదు. ఒకనాడు సంకటి ముద్ద నా ముందు పెట్టి, "నువ్వు వాని కాలు చూసినావు పిల్లా, నేను అణా చూసినా. తిను" అంది. ఆమె బతికినన్నాళ్ళూ మళ్ళీ బస్సెక్కలేదు.

రేపు కూడా ముందే దిగుతావా అని మనవరాలిని అడిగాను. దిగుతాను జేజీ అంది. దిగమ్మా, నడువు. కానీ దూరాన ఎవరైనా చేతులూపుతుంటే ఆటకనుకోవద్దు, ఆగి విను అని చెప్పాను. ఆ వాగు మీద ఇప్పుడు పెద్ద వంతెన ఉంది, బస్సు చిటికెలో దాటిపోతుంది. నాకే, ఇన్నేళ్ళయినా, ఆ చప్టా ఇంకా దాటడం కాలేదు.