ఎవరి ఆదాయంలోనూ కలవని వడ్డీ

రిటైరవడానికి మూడేళ్ల ముందు, ఎండాకాలం చివర్లో నన్ను జగిత్యాలకు ఆదాయపు పన్ను అధికారిగా వేశారు. కోరుట్లలో గది అద్దెకు తీసుకుని రోజూ బస్సులో వచ్చిపోయేదాన్ని. పెళ్లి చేసుకోలేదు కనుక ఒంటరితనం అలవాటే. అయినా శుక్రవారం సాయంత్రం నుంచి సోమవారం పొద్దున దాకా ఎవరితోనూ మాట్లాడని వారాలుండేవి.

ఆ వానాకాలంలో రాజేశం అనే ఆయన నోటీసు పట్టుకుని వచ్చాడు. కోరుట్లలో చిన్న బట్టల దుకాణం ఉంది. వెంట పదమూడేళ్ల మేనకోడలు శ్రావణి. ఆ పిల్ల తల్లిదండ్రులు సిరిసిల్లలో మరమగ్గాల మీద పనిచేసేవాళ్లు. రోడ్డు ప్రమాదంలో ఇద్దరూ పోయారు. తండ్రి బీమా డబ్బు పిల్ల పేరున డిపాజిట్ చేస్తూ, రాజేశం తన పాన్ నంబరు ఇచ్చాడు. దాంతో వడ్డీ ఆయన నంబరు మీద నమోదైంది, ఆయన రిటర్నులో మాత్రం లేదు. నోటీసు అందుకే.

మైనరు సొంత కష్టంతోనో నైపుణ్యంతోనో సంపాదించింది అయితే వేరు. ఇలా వడ్డీగా వచ్చేదాన్ని తల్లిదండ్రుల్లో ఎవరి ఆదాయం ఎక్కువైతే వారి ఆదాయంలో కలుపుతాం. మా భాషలో క్లబ్బింగ్. మేనమామ సంరక్షకుడే కానీ తండ్రి కాడు. కాబట్టి ఆ వడ్డీ ఎవరితోనూ కలవదని, పిల్ల పేరున విడిగా రిటర్ను వేసి ఆయన సంతకం చేయాలని చెప్పాను. మొత్తం పన్ను పడని పరిమితి లోపలే ఉంది, బ్యాంకు పట్టుకున్న పన్నును పిల్ల పేరుకు మార్పిస్తే వాపసు వస్తుంది అని కూడా అన్నాను. మంచి వార్తే చెబుతున్నాననుకున్నాను.

రాజేశం ముఖం చిన్నబోయింది.

“అంటే నేను పొల్లకు ఏం గానా మేడం? నా పిల్లల తీరుగనే సాదుతున్న. నా లెక్కల్నే ఉండనియ్యుండ్రి, పన్ను నేనే కడ్త.”

కట్టినా అది తప్పు లెక్కే అవుతుందన్నాను.

అప్పటిదాకా బల్ల మీది కాగితాలు చూస్తున్న శ్రావణి తలెత్తింది. “అయితే గా కాయితంల నా పేరొక్కటే ఉంటదా?”

ఆమె ఎదుటే ‘ఎవరితోనూ కలవదు’ అన్నానని అప్పుడు గుర్తొచ్చింది. ముందుగా పిల్లకు పాన్ కార్డు కావాలి కనుక ఆ దరఖాస్తు తీసి రాజేశం ముందు పెట్టాను. అందులో తల్లి పేరూ తండ్రి పేరూ రాయవచ్చు. కార్డు మీద ఒక్కటే అచ్చవుతుంది, ఏది కావాలో టిక్కు పెట్టాలి. రాజేశం తండ్రి గడి దగ్గర కలం ఆనించాడు.

“అమ్మది పెట్టు మామా,” అంది శ్రావణి. “నాన పేరు బడి రిజిస్టర్ల ఉన్నది. అమ్మది యాడా లేదు.”

ఆయన కలం ఎత్తి తల్లి గడిలో టిక్కు పెట్టి, పోయిన అక్క పేరు ఒక్కో అక్షరం కూడబలుక్కుంటూ రాశాడు. పిల్ల పక్కన నిలబడి చదివింది, తప్పు లేదని తలూపింది.

దసరా లోపే కార్డు వచ్చింది, ఆ తర్వాత పన్నూ వాపసైంది. వాళ్లు మళ్లీ రాలేదు. బస్సు ఆ దుకాణం ముందు నుంచే వెళ్లేది, నేనెప్పుడూ దిగలేదు.

నిబంధన సరిగ్గా చెప్పడం, వినేవాళ్లకు తగినట్టు చెప్పడం వేరువేరు పనులని ఆ కేసుతో తెలిసింది. తర్వాత అటువంటివి వచ్చినప్పుడు ‘కలవదు’ అనలేదు. “ఈ ఆదాయం పిల్లదే, సంతకం మీది” అనేదాన్ని. చట్టం ప్రకారం రెండూ ఒకటే.