కోటు అంచులో కుట్టిన మందు

బట్టల ఫ్యాక్టరీలో ఆమెని అందరూ కాలరక్క అనేవారు. పరాయి దేశంలో, పొడవాటి షెడ్డులో, రోజంతా చొక్కాలకి కాలర్లు కుట్టడమే పని. చెయ్యి తిరిగిన మనిషి. అంచు మడిచి ఏం దాచినా ఆ కుట్టు సాటి దర్జీలకే దొరకదు. ఆ పనితనమే ఆమె కొంప ముంచింది.

దగ్గు ముదిరి క్షయ అని తేలింది. అక్కడి నర్సమ్మ మందులిస్తూ, "మధ్యలో ఆపావో, జబ్బు మొండికేస్తుంది, ఇక ఈ మాత్రలకి లొంగదు" అని చెవినిల్లు కట్టుకుని చెప్పేది. ఒళ్ళు కాస్త తేరుకుంటుండగా ఫ్యాక్టరీ మూతపడింది. వీసా కూడా దాంతోపాటే పోయింది, ఇక ఇంటికి రాక తప్పలేదు.

"మాత్రలు కంటబడితే సరిహద్దులో ఆపేస్తారక్కా" అని తనతో గదిలో ఉండే పిల్ల భయపెట్టింది. కాలరక్క అట్టలు చింపి, పేర్లున్న రేకులన్నీ చెత్తలో పారేసి, మాత్రల్ని చలికోటు అంచులో వరసగా కుట్టేసింది. వెళ్ళనివ్వదేమోనని నర్సమ్మకి మాటమాత్రమైనా చెప్పలేదు.

సరిహద్దులో అధికారి ఆవులిస్తూ ఒక్కటే అడిగాడు: "విత్తనాలేమైనా తెస్తున్నావా?" లేవంది. పొమ్మన్నాడు. ఈ మాత్రం దానికా అంత హైరానా! బయట బస్సు కోసం నిలబడితే వాన దంచికొట్టింది. ఇంటికొచ్చి కుట్లు విప్పితే మాత్రలన్నీ నాని ఎర్రటి ముద్ద.

సిగ్గుతో కొన్నాళ్ళు నోరు మెదపలేదు. దగ్గు తిరగబెట్టాక వదిన రెక్క పట్టుకుని ఆస్పత్రికి లాక్కెళ్ళింది.

"ఏ మందులు వాడావమ్మా?" అంది ఇక్కడి నర్సు.

"ఎర్రవి."

నర్సు నవ్వలేదు, విసుక్కోలేదు. పరాయి దేశంలో ఆమెతో గదిలో ఉండిన పిల్లకి ఫోన్ చేయించి, అక్కడి నర్సమ్మ నంబరు రాబట్టి కలిపింది. తిట్లకి సిద్ధపడి కాలరక్క తల వంచుకుంది. అవతల నర్సమ్మ గొంతు పలికింది.

"బతికే ఉన్నావా తల్లీ? నీకోసం మీ గదికి ఎన్నిసార్లు తిరిగానో! ఆ పిల్లేమో నాకేం తెలీదంటుంది."

తన కోసం అంతగా వెతికే మనిషి అక్కడ ఒకరున్నారని ఆమె కలలో కూడా అనుకోలేదు. వదిన ఎదుటే భోరుమంది.

నర్సులిద్దరూ మందుల పేర్లు, మోతాదులు మాట్లాడుకున్నారు. మధ్యాహ్నానికి కఫం పరీక్ష ఫలితం వచ్చింది. జబ్బు ఇంకా మందుకి లొంగేదే. కోర్సు మాత్రం మళ్ళీ మొదటినుంచి. అది విని కాలరక్క నర్సు ఇచ్చిన మాత్రలు నోట్లో వేసుకుని నీళ్ళగ్లాసు అందుకుంది.

"మింగిందా?" అంది, మళ్ళీ ఫోన్‌లోకి వచ్చిన నర్సమ్మ.

"మింగానమ్మా."

"నిన్ను నేను నమ్మను. నోరు తెరిచి ఆవిడకి చూపించు."

కాలరక్క కళ్ళు తుడుచుకుని నోరు బార్లా తెరిచింది. ఇక్కడి నర్సు వంగి చూసి, "మింగేసిందండీ" అని ఫోన్‌లో చెప్పింది.